పొలం ఉంది, కంబైన్ ఉంది, ఖాతాలో డబ్బు లేదు: ఫార్మింగ్ సిమ్యులేటర్ అప్పుకు దారేది?

ప్రశ్న: నేను బెంగళూరులో ఐటీ ఉద్యోగిని. శని, ఆదివారాలు ఫార్మింగ్ సిమ్యులేటర్ 25 అనే వ్యవసాయం వీడియో గేమ్ ఆడతాను. రివర్‌బెండ్ స్ప్రింగ్స్ మ్యాప్‌లో భూమి, యంత్రాలు మనమే కొనుక్కునే ఫార్మ్ మేనేజర్ మోడ్‌లో మొదలుపెట్టాను. మొదట్లోనే 8 హెక్టార్ల పొలం 4.8 లక్షల డాలర్లకు కొన్నాను. పంట కోసే కంబైన్ హార్వెస్టర్‌కు 3.5 లక్షలు, ట్రాక్టర్, విత్తే సీడ్ డ్రిల్, మందు కొట్టే స్ప్రేయర్, ట్రైలర్‌కు కలిపి మరో 4 లక్షలు అయ్యాయి. చాలక 2 లక్షల అప్పు తీసుకున్నాను. గోధుమ కోసి అమ్మితే 38,000 వచ్చింది. విత్తనం, ఎరువు, కూలి, మెయింటెనెన్స్, వడ్డీ పోగా 9,000 మిగిలింది. హుటాన్ పంటాయ్ మ్యాప్‌కి మారి మన వరి వేస్తే బాగుపడతానా? పొలాలు ఎలా చూసుకోవాలి? డబ్బులు పెట్టి ఇంకో మ్యాప్ కొనమంటారా? ఆట బాగా వస్తే ఊళ్లో రెండెకరాలు కొనాలని కూడా ఉంది. నవ్వకండి.

జవాబు: నవ్వడం లేదండి. లెక్కలన్నీ ఇంత వివరంగా రాసి పంపేవాళ్లు నాకు అరుదు. నిజం డబ్బుతో నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది ఏటా వడ్డీ ఎంత కడుతున్నారో చెప్పలేరు.

ముందు మీ అంకెలే చూద్దాం. పొలానికీ యంత్రాలకూ కలిపి మీరు పెట్టింది 12.3 లక్షలు. దాని మీద ఖర్చులు తీయకముందు వచ్చింది 38,000, అంటే మూడు శాతం. ఖర్చులు పోగా మిగిలే 9,000తో 2 లక్షల అసలు తీరాలంటే 22 కోతలకు పైనే పడతాయి. ఈలోపు ట్రాక్టర్ పాతబడి రిపేర్ ఖర్చు పెరుగుతుంది. మీ గోధుమ దిగుబడిలో పెద్ద లోపమేమీ లేదు. డబ్బంతా కదలని ఆస్తుల్లో ఇరుక్కుపోయి, పంట నడపడానికి చేతిలో ఏమీ మిగలకపోవడమే అసలు జబ్బు. ఇది ముదరకముందే మందు వేయాలి.

ఆటలో భూమి, యంత్రం ఒకే రకం ఆస్తి కావు. పొలాన్ని కొన్న ధరకే తిరిగి అమ్ముకోవచ్చు. యంత్రానికి ఆ వెసులుబాటు లేదు. వయసు పెరిగేకొద్దీ, గంటలు తిరిగేకొద్దీ దాని విలువ కరిగిపోతుంది. మీ దగ్గర 3.5 లక్షల కంబైన్ ఏడాదిలో ఒక్క పంట కోసి మిగతా నెలలన్నీ షెడ్డులో పడి ఉంటోంది. ముందు దాన్ని అమ్మేయండి. మనసుకు కష్టంగానే ఉంటుంది, ముందు అంత పెద్ద కోత హెడర్ పెట్టుకుని పొలంలో తిరగడం సరదానే కదా. కానీ మీ 8 హెక్టార్లకు ఆ బండి ఆర్భాటం.

అమ్మితే 2.8 లక్షలు వస్తాయనుకుందాం. అసలు అంకె గ్యారేజీ స్క్రీన్‌లో బండి పక్కనే కనిపిస్తుంది. అందులోంచి 2 లక్షల అప్పు మొత్తం కట్టేయండి. ఈ ఆటలో అప్పుకు ఈఎంఐ తేదీ ఉండదు. వడ్డీ మాత్రం తనంతట తాను పోతూ ఉంటుంది, అసలు ఎప్పుడు కట్టాలన్నది మన ఇష్టం. అందుకే చాలామంది ఆ అంకెను మరచిపోతారు. మిగిలిన 80,000లో 45,000 పక్కన పెట్టండి. మీ ఒక పంట ఖర్చు 29,000, దాని మీద సగం అదనం. తర్వాతి కోత డబ్బు చేతికొచ్చేదాకా ఎంత మంచి ట్రాక్టర్ కనబడినా ఆ సొమ్ము ముట్టుకోవద్దు.

మరి కోత ఎలా? చేతిలో ఇంకా 35,000 ఉంది కదా. షాపులో వాడిన బండ్ల విభాగం చూస్తూ ఉండండి, చిన్న కంబైన్ ఆ ధరకు దొరికితే తీసుకోండి. లేకపోతే అద్దెకు తీసుకోండి. అద్దెలో మొదట కొంత, తిరిగిన గంటలకు కొంత, ఉంచుకున్న కాలానికి కొంత పడుతుంది. ఒప్పుకునే ముందే ఇవి తెర మీద కనిపిస్తాయి. నా కొలత ఒకటే: అద్దె మొత్తం ఆ పంట రాబడిలో పావు వంతు దాటకూడదు. మీ గోధుమకైతే 9,500. అంతకన్నా ఎక్కువ పడేటట్టుంటే ఇంకా చిన్న మోడల్ చూడండి. కోత అయిన రోజే బండి తిరిగి ఇచ్చేయండి. "మళ్లీ పనికొస్తుందిలే" అని యార్డులో ఉంచుకుంటే మీటర్ తిరుగుతూనే ఉంటుంది.

రాబడి పెంచుకునే దారి మీ ఉత్తరంలో ఎక్కడా కనబడలేదు: కాంట్రాక్టులు. పక్క రైతుల పొలాల్లో విత్తడం, ఎరువు చల్లడం, కోయడం, గడ్డి బేళ్లు కట్టడం. భూమి కొననక్కర్లేదు, యంత్రాలు కూడా వాళ్లే ఇస్తారు, దానికి కొంత సొమ్ము పట్టుకుంటారు. మీకు ట్రాక్టర్, సీడ్ డ్రిల్, స్ప్రేయర్ ఉన్నాయి కాబట్టి విత్తే పనులు, ఎరువు, మందు పనులు సొంత బండితోనే తీసుకోండి, అప్పుడు ఆ సొమ్మూ పట్టుకోరు. ఇప్పటికే 4 లక్షలు పెట్టిన సామాను మీ 8 హెక్టార్ల మీదే ఎందుకు తిరగాలి?

ఇప్పుడు పొలం పని. ఏ పనికి ఎంత దిగుబడి పెరుగుతుందో తెలియకుండా ఖర్చు పెట్టడం దండగ. ఈ ఆట పాత 22వ వెర్షన్‌లో దిగుబడి బోనస్ ఇలా ఉండేది: ఎరువు రెండు విడతలు కలిపి 45 శాతం, కలుపు లేకుండా చూసుకుంటే 20, సున్నం 15, దుక్కి 15, పంట చెత్త నలగ్గొట్టే మల్చింగ్‌కు రెండున్నర, నేల అణిచే రోలర్‌కు రెండున్నర. అన్నీ చేస్తే మామూలు దిగుబడికి రెట్టింపు. మీరు ఆడుతున్న 25లోనూ ఈ పనులన్నీ ఉన్నాయి. మీరు ఎరువు ఒక్క విడతే వేసి ఆపేశారని నా అనుమానం. మీ పొలంలో రెండో విడత విలువ, ఈ శాతాల లెక్కన, కోతకు సుమారు 5,000. రోలర్‌తో వచ్చేది 1,000 కూడా కాదు. యూట్యూబ్‌లో చూసి మల్చర్, రోలర్ కొనాలనుకుంటే పొలం 30 హెక్టార్లు అయ్యాక ఆలోచించండి.

ఎరువు ఖర్చు తగ్గించే మార్గం ఒకటుంది, మన రైతులకు కొత్తేమీ కాదు. మనవాళ్లు జీలుగ, జనుము వేసి పచ్చిరొట్టగా కలియదున్నుతారు కదా, ఆటలో ఆ పని ఆయిల్‌సీడ్ ర్యాడిష్ చేస్తుంది. రెండు పంటల మధ్య ఖాళీలో వేసి నేలలో కలిపేస్తే ఎరువు ఒక విడత వేసినట్టే. విత్తనం ఖర్చుతో సరి, సీడ్ డ్రిల్ ఎలాగూ ఉంది. సున్నం ప్రతి పంటకూ అక్కర్లేదు, మూడు కోతలకు ఒకసారి చాలు. దుక్కి కూడా ఏటా అవసరం లేదు. మొక్కజొన్న, బంగాళదుంప, షుగర్ బీట్ లాంటి పంటల తర్వాత మాత్రం తప్పదు. గోధుమ, బార్లీ వేసుకునేవాళ్లు ఏటా నాగలి దించి గంటలు గంటలు డీజిల్ తగలేయడం నాకు అర్థం కాదు. కలుపు చిన్నగా ఉన్నప్పుడే వీడర్‌తో తీసేస్తే మందు ఖర్చు తప్పుతుంది.

ధాన్యం కోసిన నెలలోనే అమ్మకండి, ధర అడుగున ఉండేది అప్పుడే. ఇన్నాళ్లూ మీరు అమ్ముకున్నది వడ్డీ టెన్షన్‌తో అని మీ ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. అప్పు తీరాక ధాన్యం దాచే సైలోలో పెట్టి, ధరల పట్టికలో ఏ అమ్మకం కేంద్రంలో ఎంతుందో చూసి కదలండి. పక్కన పెట్టిన 45,000 ఉపయోగపడేది ఇక్కడే: అది ఉంటే ధర కోసం ఆగగలరు.

మ్యాప్ సంగతికి వద్దాం. మ్యాప్ మారిస్తే కొత్త ఆట మొదలవుతుంది, ఇక్కడి ఆస్తి అక్కడికి రాదు. అప్పు కూడా రాదు, మీ మనసు లాగుతున్నది అందుకేనేమో! హుటాన్ పంటాయ్ తూర్పు ఆసియా తరహా మ్యాప్, అందంగా ఉంటుంది, గోదావరి జిల్లాల వాళ్లకైతే నీళ్లు నిలిచిన మడులు చూస్తేనే ప్రాణం లేచొస్తుంది. కానీ మడిలో వేసే వరికి నారు కావాలి, నాటు యంత్రం కావాలి, మడికి నీళ్లు పెట్టాలి, తీయాలి. అంటే మీ సీడ్ డ్రిల్ పక్కన ఇంకో సెట్టు సామాను. పొలాలు చిన్నవి, కాబట్టి పెద్ద బండ్లు అక్కడ తిరగలేవు. వరి సరదా తీరాలంటే లాంగ్ గ్రెయిన్ రైస్ అని ఇంకో రకం ఉంది. అది మామూలు పొలంలో సీడ్ డ్రిల్‌తోనే వేసుకోవచ్చు, మీ రివర్‌బెండ్‌లోనే. ముందు ఒక పంట అది వేసి చూడండి.

ఎప్పుడైనా కొత్త మ్యాప్ ఎంచుకోవాల్సి వస్తే బొమ్మ చూసి పడిపోకండి. డబ్బు ఖర్చు పెట్టకముందు మ్యాప్ స్క్రీన్ తెరిచి పావుగంట కూర్చోండి. మీరు కొనేది పొలం ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉన్న కమతం మొత్తం. చెట్లకూ గట్లకూ వంకలకూ కూడా అదే రేటు. కమతం 3 హెక్టార్లు ఉండి, అందులో దున్నే నేల 2.1 హెక్టార్లే అయితే, మీరు అనుకున్న దానికన్నా హెక్టారుకు నలభై శాతం పైన ఎక్కువ కడుతున్నట్టు. రెండోది, పొలం ఆకారం. పాత 22వ వెర్షన్‌లో అమెరికా తరహా ఎల్మ్‌క్రీక్‌లో పొలాలు చదునుగా, పెద్దవిగా ఉండేవి, పనివాణ్ని పెడితే బారున దున్నుకుంటూ పోయేవాడు. ఫ్రాన్స్ తరహా ఓ-బేలెరాన్‌లోనూ ఆల్ప్స్ తరహా ఎర్లెన్‌గ్రాట్‌లోనూ వంకర పొలాలు, ఏటవాలు నేలలు. మూలల్లో పనివాడు తిరిగి తిరిగి కూలి లెక్క పెంచుతాడు, వాడు వదిలేసిన ముక్కలు చివరికి మీరే దున్నాలి. మీ 25లో ఉన్న పోలండ్ పల్లె తరహా జిలోంకా ఈ రెంటికీ మధ్య రకం, మీ సామానుకు సరిపోతుంది.

మూడోది, సైలో నుంచి అమ్మకం కేంద్రానికి దూరం. ట్రైలర్ ఎన్నిసార్లు తిరగాలో వేసుకోండి, మీ శనివారం అక్కడే పోతుంది.

పక్కపక్క కమతాలు రెండు ఉన్న చోటు దొరికితే దానికి మొగ్గు చూపండి. రెండూ కొన్నాక నాగలి సెట్టింగ్‌లో కొత్త పొలం తయారీ ఆన్ చేసి మధ్య గట్టు మీదుగా దున్నితే ఒకే చెక్క అవుతుంది. తిరుగుళ్లు తగ్గుతాయి, పనివాడి కూలి తగ్గుతుంది. పెద్ద చెక్క ఒకేసారి కొనే స్తోమత లేనివాళ్లకు ఇదే మంచి పద్ధతి. అయితే మొదటి చెక్క అప్పు తీరాకే రెండోది.

డబ్బులు పెట్టి మ్యాప్ కొనమంటారా అన్నారు. ఇప్పుడే వద్దు. ఆటతో పాటు వచ్చిన మూడు మ్యాప్‌లలో మీరు చూసింది ఒకటే. ఆట తయారు చేసిన స్విట్జర్లాండ్ కంపెనీ జెయింట్స్ వాళ్ల మాడ్‌హబ్‌లో ఆటగాళ్లు చేసిన మ్యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. అక్కడ పేరులో 4ఎక్స్ అని కనిపిస్తే మామూలు మ్యాప్‌కి నాలుగు రెట్ల విస్తీర్ణం అని అర్థం. మీరు ఇంకా 8 హెక్టార్ల దగ్గరే తడబడుతున్నారు కాబట్టి అటు పోకండి. తర్వాత కొనాలనిపిస్తే సినిమాలు, హోటళ్ల ఖర్చు రాసుకునే పద్దులోంచే కొనండి, క్రెడిట్ కార్డు ఈఎంఐ మీద ఆట ఆడే స్టీరింగ్ వీల్ మాత్రం వద్దు.

ఊరి పొలం గురించి. ఆటలో భూమి ఒక్క నొక్కుతో కొనొచ్చు, కొన్న ధరకే అమ్మొచ్చు. ఊళ్లో కొనేటప్పుడు స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చు ఉంటాయి, అమ్మేటప్పుడు కొనేవాడు దొరకాలి. ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు చూపే పత్రం), పట్టాదారు పాస్‌బుక్, 1బీ (భూమి హక్కుల రికార్డు) చూసుకోవాలి, సర్వేయర్‌తో హద్దులు కొలిపించుకోవాలి, కౌలుకు ఎవరు చేస్తారో ముందే అనుకోవాలి. ఇవేవీ ఆట నేర్పదు. ఒక్క విషయంలో మాత్రం మీకు అనుభవం వచ్చేసింది: ఉన్నదంతా భూమిలో పెట్టి పెట్టుబడికి చేయి చాచడం ఎలా ఉంటుందో చూశారు. కాబట్టి రెండెకరాల గురించి అడిగేటప్పుడు మీ నెల జీతం, ఇప్పుడు కడుతున్న ఈఎంఐలు, ఆరు నెలల ఖర్చుకు సరిపడా సొమ్ము విడిగా ఉందా లేదా, ఆ పొలానికి నీళ్లు బోరువా కాలువవా, ఇవన్నీ రాసి పంపండి. ఆట లెక్కలు రాసినంత వివరంగా రాస్తే చాలు.