ఫిలాసఫీ కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ముందు ఏ తత్వవేత్తను పరిచయం చేయాలి?

మీ తమ్ముడు కర్నూలులో డిగ్రీ చదువుతున్నాడని, సివిల్స్ రాయాలని ఉందని, ఫిలాసఫీ మీద ఆసక్తి పుట్టిందని రాశారు. గ్రీకుల నుంచి మొదలుపెట్టి కాలం వరసలో అందరినీ చదివించాలా, లేక ఎవరో ఒక్కరితో మొదలుపెట్టాలా అని అడిగారు.

నా మాట: వరస ఇప్పుడే వద్దు. అతన్ని ఇప్పటికే లోపల సలుపుతున్న ప్రశ్న ఏదో కనుక్కోండి. ఆ ప్రశ్న మీద వాదించుకున్న మహానుభావులను ఒక్కొక్కరిగా అతని ముందుకు తీసుకురండి. నేను అనంతపురంలో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్తాను. ఆదివారం సాయంత్రం ఇష్టమున్నవాళ్ళు మా మిద్దె మీదికి వస్తారు, కలిసి చదువుకుంటాం. ఈ సలహా అక్కడ చూసినదాన్ని బట్టి చెప్తున్నదే.

వచ్చేవాళ్ళలో చాలామంది సివిల్స్ ఎథిక్స్ పేపర్ కోసం వస్తారు. 2013 నుంచి మెయిన్స్‌లో ఆ పేపర్ ఉంది, దాని సిలబస్‌లో మన దేశపు, ప్రపంచపు నైతిక చింతకులు ఉన్నారు. అందుకని ఒక నోట్సు తెచ్చుకుంటారు: ఎడమవైపు పేరు, కుడివైపు ఒక వాక్యం. గ్రీకు తత్వవేత్త సోక్రటీస్ పక్కన ఒకటి, జర్మన్ తత్వవేత్త కాంట్ పక్కన ఒకటి. పరీక్షకు పనికొస్తుందేమో కానీ, ఆ వాక్యం ఎవరితో గొడవపడుతూ అన్నాడో, ఎదుటివాడు ఏమన్నాడో తెలియకపోతే అది ఫిలాసఫీ కాదు. ఆ నోట్సును పక్కన పెట్టించడమే నా మొదటి పని.

మా పిల్లలకు సలిపే ప్రశ్న వెతకాల్సిన పని లేదు. మన సీమలో కక్షల కథలు వినకుండా పెరిగినవాళ్ళు తక్కువ. ‘మనకు అన్యాయం చేసినవాడికి తిరిగి చెడు చేయొచ్చా?’ అని అడిగితే ప్రతి ఒక్కరి దగ్గరా జవాబు ఉంటుంది, ఆ జవాబు వెనక ఒక మనిషో ఒక ఊరో ఉంటుంది.

అప్పుడు సోక్రటీస్ శిష్యుడు ప్లేటో రాసిన ‘క్రీటో’ తీస్తాం. చిన్న సంభాషణ, ఒక సాయంత్రంలో చదివేయొచ్చు. క్రీ.పూ. 399. సోక్రటీస్‌కు డెబ్బై ఏళ్ళు, మరణశిక్ష పడి జైల్లో ఉన్నాడు. తెల్లవారకముందే స్నేహితుడు క్రీటో వచ్చి, డబ్బు సిద్ధంగా ఉంది, కాపలావాళ్ళను చూసుకుంటాం, పారిపోదాం రమ్మంటాడు. నువ్వు చచ్చిపోతే డబ్బుకు చూసుకుని స్నేహితుణ్ణి వదిలేశారని జనం మమ్మల్ని అంటారు, నీ పిల్లలు దిక్కులేనివాళ్ళవుతారు అని కూడా అంటాడు. సోక్రటీస్ కదలడు. అన్యాయం ఎప్పుడూ చేయకూడదు, మనకు అన్యాయం జరిగినా తిరిగి అన్యాయం చేయకూడదు అన్నదే అతని పట్టు. మిగతా వాదమంతా దాని మీదే నిలబడుతుంది.

ఇక్కడికి రాగానే మిద్దె మీద గొడవ మొదలవుతుంది. కక్షలు చూసిన ఊరి నుంచి వచ్చిన ఒక అబ్బాయి ఒకసారి గట్టిగా అడ్డం తిరిగాడు: “ఊరుకుంటే చేతకానోడు అంటారు సార్. రేపు ఇంకొకడు మీదికి వస్తాడు. సోక్రటీస్ మా ఊర్లో పుట్టింటే తెలిసేది.” పక్కనే కూర్చున్న అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తి, “క్రీటో చెప్పేది కూడా అదే కదన్నా, జనం ఏమంటారు అని” అంది. అందరం మళ్ళీ వెనక్కి వెళ్ళి ఆ పేజీ చదివాం. జనం మాటకు సోక్రటీస్ ఇచ్చే జవాబు ఏమిటి? ఒళ్ళు సాధన చేసేవాడు దారినపోయే ప్రతివాడి మాటా వింటాడా, విషయం తెలిసిన ఒక్కడి మాట వింటాడా అని ఎదురడుగుతాడు. ఆ అబ్బాయి ఒప్పుకోలేదు. ఒప్పుకోనక్కర్లేదు కూడా. కానీ తన మాటకు ఒక కారణం ఉందని, ఆ కారణాన్ని విడిగా తీసి పరీక్షించొచ్చని అతనికి అర్థమైంది. నాకు కావలసింది అదే.

అదే చోట సోక్రటీస్ ఇంకో మాట అంటాడు, నాకు చాలా ఇష్టం. తిరిగి చెడు చేయకూడదని నమ్మేవాళ్ళు కొద్దిమందే అని, నమ్మేవాళ్ళకీ నమ్మనివాళ్ళకీ కలిసి ఆలోచించుకునే చోటే ఉండదని ముందే హెచ్చరిస్తాడు. నిజంగా ఒప్పుకుంటున్నావా, చూసుకుని చెప్పు అని క్రీటోను నిలదీస్తాడు. కొత్తవాళ్ళకు సోక్రటీస్‌నే ముందు పరిచయం చేయమనడానికి ఇదొక కారణం. అతను శిష్యుడి చేత ఊరికే తల ఊపించుకోడు.

తర్వాత మనవాడు వేమన. కదిరి దగ్గర కటారుపల్లిలో ఆయన సమాధి ఉందని పిల్లలందరికీ తెలుసు, పద్యాలు చిన్నప్పుడే నోటికొచ్చాయి. ‘చంపదగినయట్టి శత్రువు తనచేత జిక్కెనేని కీడు సేయరాదు’ అన్న పద్యం ఐదో తరగతిలో అప్పజెప్పి ఉంటారు. క్రీటో చదివిన వెంటనే దాన్ని మళ్ళీ చదివించండి. సోక్రటీస్ చేయవద్దు అన్నచోట ఆగాడు. వేమన ఇంకో అడుగు వేసి, మేలు చేసి పొమ్మనమన్నాడు. మేలు ఎందుకు చేయాలి? పద్యంలో కారణం లేదు. కారణాన్ని పిల్లలే కట్టాలి. వేమన తరఫున వాదించమని ఇద్దరిని, వ్యతిరేకంగా ఇద్దరిని కూర్చోబెడితే, ఇన్నేళ్ళూ కంఠస్థంగా ఉన్న పద్యం మొదటిసారి మాట్లాడుతుంది.

మీరు కర్నూలు వాళ్ళు కాబట్టి అశోకుణ్ణి వదలొద్దు. గుత్తి నుంచి పత్తికొండ వెళ్ళే దారిలో ఎర్రగుడి దగ్గర బండల మీద అతని పధ్నాలుగు పెద్ద శాసనాలూ ఉన్నాయి. వాటిలో 13వది కళింగ యుద్ధం గురించి. లక్షన్నర మందిని తరలించుకుపోయారు, లక్షమంది చచ్చారు, అంతకు ఎన్నో రెట్లమంది పోయారు అని గెలిచిన రాజే చెక్కించి పశ్చాత్తాపపడ్డాడు. కళింగలోనే (ఇప్పటి ఒడిశాలో) ఉన్న ధౌలి, జౌగడల్లో ఈ శాసనం చెక్కించలేదు. మన కర్నూలు జిల్లాలో చెక్కించాడు. తప్పు చేసినవాణ్ణి కూడా క్షమించగలిగినంత వరకు క్షమించాలి అంటాడు. అక్కడే, అడవిజనానికి తన బలాన్ని కూడా గుర్తు చేస్తాడు. క్షమ, బెదిరింపు ఒకే శాసనంలో. రాజ్యం చేతిలో ఉన్నవాడు సోక్రటీస్ మాటను పూర్తిగా పాటించగలడా అన్న ప్రశ్న దాంతో దానంతటదే లేస్తుంది.

ఎవరో ఒకరు తప్పకుండా గీత తెస్తారు. కృష్ణుడు యుద్ధం చేయమన్నాడు కదా అంటారు. తేనివ్వండి. పదకొండో అధ్యాయం చివరి శ్లోకంలో ఏ ప్రాణి మీదా వైరం లేనివాడే నన్ను చేరతాడని కూడా ఆయనే అన్నాడని చూపించండి. వైరం లేకుండా యుద్ధం ఎలా చేయాలి అన్నది ఎన్ని వారాలైనా నడిచే చర్చ.

ఇంతవరకు వచ్చాక ఐరోపా వాళ్ళిద్దరు సులువుగా ఎక్కుతారు. 1789లో వెలువడిన పుస్తకంలో ఇంగ్లండు తత్వవేత్త బెంథామ్, ఏ శిక్షయినా స్వతహాగా చెడే, అంతకంటే పెద్ద చెడును ఆపుతుందంటేనే వేయాలి అన్నాడు. 1797లో కాంట్ దీనికి పూర్తిగా ఎదురు నిలిచాడు. ఒక దీవి జనం సమాజాన్ని రద్దు చేసుకుని తలా ఒక దిక్కు పోవాలనుకున్నా, వెళ్ళేముందు జైల్లో మిగిలిన చివరి హంతకుడికి మరణశిక్ష అమలు చేసి తీరాలి అన్నాడు. కాంట్ మాట్లాడేది కోర్టు వేసే శిక్ష గురించి, ఊరి పగ గురించి కాదు. ఈ తేడా మీ తమ్ముడు తానే పట్టుకునేదాకా మీరు చెప్పకండి.

మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తితో మొదలుపెట్టమని కొందరు చెప్తారు. ఆయన మీద నాకు గౌరవం ఎక్కువ. అయినా మొదట వద్దంటాను. తన మాటను కూడా ప్రమాణంగా తీసుకోవద్దన్న మనిషి ఆయన. వాదించడం ఇంకా అలవాటు కానివాళ్ళు అదే మాటను భక్తిగా రాసుకుంటారు. కొన్నాళ్ళయ్యాక చదవనివ్వండి.

చరిత్ర వరస ఎప్పుడంటే, ‘వీళ్ళలో ఎవరు ముందు, ఎవరు ఎవర్ని చదివారు’ అని అతనే అడిగినప్పుడు. అప్పుడు ఇచ్చిన చరిత్ర పుస్తకాన్ని వదలకుండా చదువుతాడు. ఇంగ్లీషు అడ్డమైతే క్రీటోను మీరు ముందు చదివి, తెలుగులో చెప్పి, ఆ తర్వాత అసలు పేజీలు అతని చేతిలో పెట్టండి. సారాంశాలు, యూట్యూబు వీడియోలు చదివాకే. ఎర్రగుడికి వెళ్తే 13వ శాసనం అనువాదం ప్రింటు తీసుకుని వెళ్ళండి, బండ మీద ఉన్నది బ్రాహ్మీ లిపి, ప్రాకృత భాష. బెంథామ్, కాంట్ ఇద్దరిలో మీ తమ్ముడు ఎటువైపు నిలబడ్డాడో రాస్తే, దానికి ఎదురువాదం ఎక్కడ చదవాలో చెప్తాను.