‘పునరుద్ధరణ’ అని రాసే ముందు

హనుమకొండ

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఫ్లాట్ల ప్లాన్లు గీసే ఉద్యోగం మానేసి పాత గుళ్ల వెంట పడ్డావనీ, అన్నీ మేనమామ బుద్ధులే వచ్చాయనీ సగం తిట్టింది, సగం మురిసింది. మీ నాన్నవాళ్ల ఊళ్లో చెరువు గట్టు శివాలయానికి నివేదిక, ఎస్టిమేటు రాసిపెట్టమని కమిటీ వాళ్లు నిన్నే అడిగారట కదా. ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. ‘‘సంతోషమా, భయమా?’’ అంది మీ అత్తయ్య. రెండూ అన్నాను. కానీ పన్నెండింటికి లేచి కాగితం పట్టుకుని కూర్చున్నది మాత్రం భయంతోనే.

తెలిసినవి గబగబా చెప్పేస్తాను. ఫొటోలు పక్కన స్కేలు పెట్టి తీయి. కొలతలు ఒక్కదానివే పట్టకు. గుడిని ఎండలో ఒకసారి, జోరువానలో ఒకసారి చూడు. నీళ్లు ఎక్కడ దిగుతున్నాయో వాన చూపించినట్టు ఏ యంత్రమూ చూపించదు. సిమెంటు బస్తా ప్రహరీ దాటి లోపలికి రానివ్వకు. ఇవన్నీ కాలేజీలో చెప్పే ఉంటారు.

చెప్పి ఉండరని నా అనుమానం మాటల సంగతి. నువ్వు కాగితం మీద ఏ మాట రాస్తావో, మర్నాడు పొద్దున మేస్త్రీ చేతిలోని ఉలి ఆ మాటే వింటుంది.

మన నిఘంటువులు ఈ విషయంలో నిన్ను ముంచుతాయి. సంరక్షణ, పరిరక్షణ, పునరుద్ధరణ, జీర్ణోద్ధరణ అన్నీ ఒకటే అన్నట్టు ఒకదాని ఎదురుగా ఇంకొకటి రాసి ఉంటుంది. మన రాష్ట్రంలో 2017లో వచ్చిన వారసత్వ చట్టం పేరు చూడు: రక్షణ, పరిరక్షణ, సంరక్షణ, నిర్వహణ అని నాలుగు మాటలు పేరులోనే పెట్టారు. నాలుగూ ఒకటే అయితే అంత పొడుగు పేరెందుకు?

ఆస్ట్రేలియాలో బుర్రా అని ఒక పాత రాగి గనుల ఊరుంది. పేరు చూసి నవ్వకు, నేను నవ్వి చీవాట్లు తిన్నాను. పాత కట్టడాలను ఎలా కాపాడాలో 1979లో అక్కడ కూర్చుని పెద్దలు రాసుకున్న పత్రమే బుర్రా చార్టర్. ఏ మాటకు ఏ పనో అందులో బుర్రకెక్కేలా విడదీశారు. నీకు మన ఇంటి భాషలో చెప్తాను. అమ్మమ్మ భోషాణం గుర్తుందా? రోజూ దుమ్ము తుడవడం నిర్వహణ. చెదలు ముందుకు పాకకుండా, ఉన్నది ఉన్నట్టు నిలబెట్టడం పరిరక్షణ. మధ్యలో ఎవరో తగిలించిన సన్‌మైకా పీకేసి, అటక మీద దొరికిన దాని పాత ఇత్తడి కడ్డీనే తిరిగి బిగించాం చూడు, అది పునరుద్ధరణ. అందులో కొత్త సరుకు లేదు. అడుగు చెక్క పోయిందని టేకు పలక కొని వేయిస్తే పునర్నిర్మాణం. ఈ పనులన్నింటికీ కలిపి పెద్ద గొడుగులాంటి మాట సంరక్షణ. ఏ పనో నీకే తేలనప్పుడు ఆ గొడుగు కిందికి దూరొద్దు. తేలేదాకా ఎస్టిమేటు రాయొద్దు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానో రాయాలి. ఇది ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

1990 వేసవి. కొలువులో చేరి నాలుగేళ్లయింది. ఆఫీసు పేరూ ఊరి పేరూ రాయను, అందులో ఇప్పటికీ నాకు తెలిసినవాళ్లున్నారు. ఒక చిన్న కాకతీయుల నాటి గుడికి ఎస్టిమేటు వేయమన్నారు. నేను ఆ గుడిని చూసింది ఒక పూట, అదీ మిట్టమధ్యాహ్నం, కడుపులో ఆకలితో. వచ్చి బల్ల దగ్గర కూర్చుని, పాత ఫైల్లో వేరే గుడికి రాసిన ఎస్టిమేటు తీసి, పేరూ కొలతలూ మార్చాను. అందులో ఒక వాక్యం ఉంది. ముప్పై అయిదేళ్లుగా నోటికి వచ్చు: ‘‘అవసరమైన చోట శిథిలమైన రాళ్లను తొలగించి, కొత్త రాళ్లతో పునరుద్ధరించుట.’’ చదవడానికి ఎంత బాగుందో చూడు. తప్పేమీ కనబడదు.

పని మొదలైన వారానికి నేను పది రోజులు సెలవు పెట్టాను. ఎందుకో తెలుసా? మీ అమ్మ పెళ్లి. పందిరి గుంజలు నేనే పాతించాను, పెళ్లివారికి మంచాలు నేనే మోయించాను. గుడి ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

తిరిగి వెళ్లేసరికి ముఖమండపం మెట్ల పక్కన ఒరిగి ఉన్న నిలువు రాయి లేదు. తరతరాలుగా సున్నం కొట్టి కొట్టి, పేడలా మందంగా పొరలు కట్టి ఉండేది. నేను కూడా దాన్ని వట్టి బండ అనే అనుకున్నాను. పగిలి ఉంది కనుక శిథిలం. ఒరిగింది కనుక అవసరమైన చోటు. సమ్మెటతో కొట్టి కొత్త మెట్ల పునాదిలో కంకరగా వేసేశారు. పక్కన ఇంకా వేయని ముక్కల కుప్ప ఉంది. అందులో చేటంత ముక్క ఒకటి తిప్పి చూశాను. దెబ్బకు సున్నం పొర ఊడిపోయి, లోపల అక్షరాలు తెల్లగా మెరుస్తున్నాయి.

అరిచాను. మేస్త్రీ నా తండ్రి వయసువాడు. బీడీ ఆర్పేసి, మెల్లగా అన్నాడు: ‘‘కాగితంల రాసిండ్రు గద సార్, తీసెయ్యమని.’’

నిజమే కదా. ‘అవసరమైన చోట’ అని రాస్తే ఆ అవసరం ఎవరు తేలుస్తారు? ఎండలో పని ముగించుకుని ఇంటికి పోవాల్సిన మనిషి తేలుస్తాడు. ఆ అధికారం ఆయన చేతిలో పెట్టింది నేను.

మూడు రోజులు ఆ పునాది విప్పించి వెతికాను. ఇంకో రెండు ముక్కలు దొరికాయి. శాసనాల పని తెలిసిన ఒక పెద్దాయన వచ్చి, తడి కాగితం పరిచి, కుంచెతో కొట్టి, సిరా అద్ది ఎస్టాంపేజీ, అంటే అక్షరాల అచ్చు, తీశాడు. మొత్తం కలిపి చదవగలిగింది ‘చెఱువు వెనుకను’, ఆ తర్వాత ‘నీరునేల మ’. అంతే. ‘మ’ అంటే మర్తురు, అప్పటి భూమి కొలత. ఎన్ని మర్తురులో, ఎవరిచ్చారో, ఎవరికిచ్చారో కంకరలో కలిసిపోయింది. ఆ ఊళ్లో రెండు చెరువులున్నాయి. ఏ చెరువో కూడా ఇక తెలియదు.

పైఅధికారి ఏమంటాడోనని వణికాను. ఆయన ఫైలు తిరగేసి, ‘‘ఎస్టిమేటు ప్రకారమే జరిగింది కదయ్యా’’ అన్నాడు. బిల్లు పాసయింది. తిట్టి ఉంటే బాగుండేది.

అందుకే చెప్తున్నాను, ‘తొలగించుట’ అనే మాట రాయాల్సి వస్తే దాని ముందు ఆ రాయి నంబరు ఉండాలి, ఆ నంబరున్న బొమ్మ జతపడి ఉండాలి. ‘అవసరమైన చోట’ అని నీ నివేదికలో ఎక్కడ కనబడినా ఆ పేజీ చింపి నీ మొహాన కొడతాను, మేనకోడలని చూడను. సున్నం పొరలున్న ఏ రాయినీ వట్టి బండ అనకు. పొర తీసేటప్పుడు మెత్తగా, తడిపి, చేత్తో. ఇసుక పిచికారీ యంత్రం అద్దెకు దొరుకుతుందని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, మొత్తం నల్లరాయి తళతళలాడుతుందంటారు. సున్నంతో పాటు ఉలి గీతలూ అక్షరాల అంచులూ కూడా పోతాయి.

బుర్రా పత్రం లాంటిదే 1964 వెనిస్ చార్టర్. అందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలంటుంది. శిఖరం పైభాగం ఎలా ఉండేదో ఫొటో లేదు, రాళ్లు లేవు, చూసినవాళ్లు లేరు. అప్పుడు నువ్వు గీసేది నీ బొమ్మే, కాకతీయులది కాదు. పడిపోయిన రాళ్లే చుట్టుపక్కల దొరికితే వాటినే తిరిగి కూర్చవచ్చు. దానికి అనాస్టైలోసిస్ అని గ్రీకు పేరు పెట్టారు, పలకడం నాకు రిటైరయ్యేదాకా రాలేదు. విప్పి కూర్చడం సులువనుకోకు. మా ఇంటి దగ్గర వేయిస్తంభాల గుడి ఉంది కదా, 1163 నాటిది. దాని కల్యాణమండపం విప్పిన తర్వాత మళ్లీ నిలబడి 2024లో తెరుచుకునేసరికి దాదాపు రెండు దశాబ్దాలు గడిచాయి. కుప్పలుగా పడి ఉన్న ఆ రాళ్ల పక్కనుంచి ఎన్నేళ్లు పాలప్యాకెట్టు పట్టుకుని నడిచానో.

కొత్త రాయి పెట్టక తప్పకపోతే, దూరానికి కలిసిపోవాలి, దగ్గరికొస్తే కొత్తదని తెలియాలి. ఒక మూల సంవత్సరం చెక్కించు. శ్రీకాళహస్తి గాలిగోపురం సంగతే తీసుకో. 1516లో కృష్ణదేవరాయలు కట్టించింది, 2010 మే 26 రాత్రి కూలిపోయింది. 2017లో కుంభాభిషేకం జరిగిన గోపురం కొత్తది. దానికి దండం పెట్టుకో, కానీ నివేదికలో పునర్నిర్మాణం అనే రాయి. ఆ రాత్రి టీవీలో దుమ్ము లేవడం చూసి నేను అన్నం వదిలేశాను. అందుకే అడుగుతున్నాను: పరంజా నువ్వు ఎక్కుతావా? ఎక్కాల్సిందే అంటావు, తెలుసు. మొదట కింద నిలబడి గుంజలు ఊపి చూడు. చున్నీ నడుముకు బిగించు. తేనెపట్టు ఉందేమో చూసుకో.

ఇక కమిటీ. వాళ్ల బోర్డు మీద ‘దేవాలయ అభివృద్ధి కమిటీ’ అని ఉండి ఉంటుంది. నాకు తెలుగులో అన్నిటికంటే భయమేసే మాట అభివృద్ధి. దాని వెనకే గ్రానైటు పలకలు, స్తంభాలకు ఎనామిల్ రంగు, ముందు సిమెంటు కమాను వస్తాయి. కానీ వాళ్లతో పోట్లాడకు. వాళ్లు జీర్ణోద్ధరణ అంటే చిన్నచూపు చూడకు. ఆ మాటలో మన పద్ధతి ఉంది. దీపం వెలిగే గుడిని శిథిలంలా గాజుపెట్టెలో పెట్టలేం. 1994లో జపాన్‌లోని నారాలో, అసలుతనం అన్నిచోట్లా ఒకే తూకంతో తేలదని పెద్దలే ఒప్పుకున్నారు. మన దేశంలో ఇంటాక్ అనే వారసత్వ సంస్థ 2004లో రాసుకున్న చార్టర్ అయితే జీర్ణోద్ధరణ అన్న మాటనే లోపలికి తెచ్చుకుంది, గుళ్లు కట్టే స్థపతుల చేతిపనిని కూడా వారసత్వమే అంది. గానుగ సున్నం కలపడం తెలిసిన ముసలి మేస్త్రీ ఆ చుట్టుపక్కల ఒక్కడైనా ఉంటాడు, వెతుకు. ఆయనకు కుర్చీ వేసి, కమిటీ ముందు ఆయన చేతనే చెప్పించు. నీ మాట కన్నా ఆయన మాట వింటారు. నీకు కోపం వస్తుంది. రానీ.

చట్టం సంగతి ఒక్క ముక్క. మీ గుడి రక్షిత కట్టడాల్లో లేదని మీ అమ్మ చెప్పింది. 1958 కేంద్ర చట్టం కింద ప్రకటించిన కట్టడమైతే చుట్టూ వంద మీటర్లు నిషిద్ధం, ఆపైన రెండు వందల మీటర్లు నియంత్రితం. లేనిదానికి ఆ కంచె లేదు. జాబితాలో పేరున్నంత మాత్రాన కంచె ఉన్నట్టూ కాదు. హైదరాబాద్‌లో వారసత్వ భవనాలను కాపాడిన పదమూడో నిబంధనను 2015లో తీసేశారు. 2019లో ఎర్రమంజిల్ అనే పాత ప్యాలెస్‌ను కూల్చబోతే హైకోర్టు ఆపాల్సి వచ్చింది. అందుకని నీ నివేదిక మొదటి పేజీలో ఖర్చు లెక్క పెట్టకు, ప్రాముఖ్యం రాయి. ఆ గుడి ఎందుకు ముఖ్యమో. రామప్పను 2021లో యునెస్కో జాబితాకు ఎక్కించినప్పుడు ఇసుకపెట్టె పునాది, తేలిక ఇటుకల శిఖరం, శిల్పం అన్నీ ఒక్కొక్కటి చూపించి, ప్రపంచం మొత్తానికి దాని విలువేమిటో రుజువు చేయాల్సి వచ్చింది. మీ గుడికి అంత అక్కర్లేదు. ఆ గట్టు మీద బతుకమ్మ ఆడేది ఎక్కడ, ఏ మెట్టు మీంచి నీళ్లలో వదులుతారు, అది కూడా ప్రాముఖ్యమే. మీ నాయనమ్మను అడిగి రాసుకో, ఈ నెలలోనే అడుగు.

ఒక్కటి మాత్రం ఎక్కడా రాయకు. గర్భగుడి కింద బోలుగా శబ్దం వచ్చిందనో, గదిలాంటిది ఉందనో. గుప్తనిధుల పిచ్చోళ్లకు ఆ ఒక్క వాక్యం చాలు, నందిని పెకలించి పోతారు. సాయంత్రం ఆరు దాటాక అక్కడ ఒంటరిగా ఉండకు. ఎవరైనా తోడుండాలి. ఇది సలహా కాదు.

ఎస్టిమేటు కమిటీకి ఇచ్చేముందు నాకు పంపు. కళ్లద్దాలు మార్పించుకున్నాను, ఎర్రపెన్ను ఉంది. దసరాకు వస్తే బీరువాలోంచి ఆ ఎస్టాంపేజీ తీసి చూపిస్తాను. మడతల దగ్గర చిరుగుతోంది, దాన్నెలా కాపాడాలో నువ్వే చెప్పాలి. మీ అత్తయ్య సకినాలు చేస్తానంటోంది.

మీ మామయ్య

ఆ పది రోజులు నేను ఎందుకు సెలవు పెట్టానో మీ అమ్మకు చెప్పకు. తన పెళ్లి వల్లే పోయిందనుకుంటుంది, ఏడుస్తుంది.