పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: కోపెన్‌హాగన్ నుంచి బెర్గెన్ దాకా రైల్లో

ప్రశ్న: జూన్‌లో కోపెన్‌హాగన్‌లో దిగి, రైలు మీదే ఓస్లో, అక్కడి నుంచి బెర్గెన్ వెళ్లాలని మా ఆలోచన. చేతిలో తొమ్మిది రోజులున్నాయి. వెంట అమ్మానాన్నలు వస్తున్నారు, ఇద్దరికీ అరవై దాటాయి. ఓస్లో చేరేలోపు దారిలో ఒక్క ఊళ్లోనే ఆగగలం. స్వీడన్‌లోని స్టాక్‌హోం మేలా, గొథెన్‌బర్గ్ మేలా?

జవాబు: పెద్దవాళ్లు వెంట ఉన్నారు కాబట్టి మా ఓటు గొథెన్‌బర్గ్‌కే. స్టాక్‌హోం చూడదగ్గ ఊరు కాదని కాదు, అది మీ దారికి పక్కగా ఉంది. కోపెన్‌హాగన్ నుంచి స్టాక్‌హోంకి ఫాస్ట్ రైల్లో కూడా ఐదు గంటలు పైబడుతుంది. అక్కణ్నుంచి ఓస్లోకి మళ్లీ అంతే, కొన్ని రైళ్లకు ఆరు గంటలు. అదే గొథెన్‌బర్గ్ మీదుగా అయితే మొదటి సగం సుమారు మూడున్నర గంటలు, రెండో సగం నాలుగు గంటల లోపు. 1628లో మునిగితే 1961లో పైకి తీసిన వాసా యుద్ధనౌకను చూడకుండా రాలేం అనుకుంటే మాత్రం స్టాక్‌హోంకే వెళ్లండి. అప్పుడు అక్కడ రెండు రాత్రులు ఉండాల్సిందే, వాటికోసం బెర్గెన్‌లోనో, ఆ దారిలో ఫియోర్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) ఒడ్డున ఉన్న ఫ్లోమ్‌లోనో రోజులు తగ్గించుకోవాలి.

గొథెన్‌బర్గ్‌ను ఎంచుకోవడానికి ఇంకో బలమైన కారణం ఉంది. కోపెన్‌హాగన్ నుంచి ఓరెసుండ్ జలసంధి దాటి వచ్చే ఓరెసుండ్ రైలు అక్కడితో ఆగిపోతుంది. ఓస్లో వెళ్లే నార్వే రైలు అక్కడే బయల్దేరుతుంది. ఆగినా ఆగకపోయినా రైలు మారడం సాధారణంగా తప్పదు. కంపెనీలు వేరు కాబట్టి చాలాసార్లు టికెట్లు కూడా వేర్వేరుగానే కొంటారు. అలా కొని రెంటి మధ్య నలభై నిమిషాలు మాత్రమే వదిలితే, మొదటి రైలు ఆలస్యమైన రోజున రెండో టికెట్ డబ్బు పోయినట్టే. మధ్యలో ఒక రాత్రి పెట్టుకుంటే ఆ బెంగ ఉండదు. ఏ ఊరు అందంగా ఉందని ఒక్కటే చూడకండి, రైళ్లు ఎక్కడ తెగుతున్నాయో కూడా చూడండి. ఆగడానికి అనువైన చోటు అదే.

మీ తొమ్మిది రోజులకు మేం వేసే లెక్క ఇది: కోపెన్‌హాగన్ రెండు రాత్రులు, గొథెన్‌బర్గ్ రెండు, ఓస్లో ఒకటి, ఫ్లోమ్ ఒకటి, బెర్గెన్ రెండు.

కోపెన్‌హాగన్ నుంచి ఎక్కే రైలు ఎయిర్‌పోర్ట్ స్టేషన్ దాటాక సముద్రం కింద సుమారు నాలుగు కిలోమీటర్ల సొరంగంలోకి దిగుతుంది. తర్వాత మనుషులు కట్టిన పెబర్‌హోమ్ దీవి మీదుగా, దాదాపు ఎనిమిది కిలోమీటర్ల ఓరెసుండ్ వంతెన ఎక్కి స్వీడన్ చేరుతుంది. 2000లో తెరిచిన దారి ఇది. ఈ రైలుకు సీటు రిజర్వేషన్ అక్కర్లేదు, ముందు ఎక్కినవారికే సీటు. ఎయిర్‌పోర్ట్‌లోనో, వంతెన అవతల స్వీడన్‌లోని మాల్మోలోనో కాకుండా కోపెన్‌హాగన్ సెంట్రల్‌లోనే ఎక్కండి. పనిరోజుల్లో సాయంత్రం మూడు నుంచి ఆరు దాకా వద్దు, కోపెన్‌హాగన్‌లో ఉద్యోగాలు చేసే మాల్మో వాళ్లతో నిండిపోతుంది. ఉదయం తొమ్మిదిన్నర, పది ప్రాంతంలో బయల్దేరడం సుఖం. టికెట్ ఎక్కకముందే కొనాలి, రైల్లో అమ్మరు.

ఒకే రైలుగా కనిపించేది రెండు మూడు యూనిట్లు కలిపినది కావచ్చు, దారిలో కొన్నిటిని విడదీస్తారు. మీ బోగీ తలుపు పక్కన తెర మీద గమ్యం పేరు చూసే ఎక్కండి. అక్కడ మనం పలికే గొథెన్‌బర్గ్ కనిపించదు, స్వీడిష్ స్పెల్లింగే (Göteborg) ఉంటుంది. పలకడం కూడా ‘యోతెబోరి’ అని పలుకుతారు, అనౌన్స్‌మెంట్‌లో ఆ పేరు కోసం వినండి.

గొథెన్‌బర్గ్‌లో మీకున్నది ఒక్క నిండు రోజు. పొద్దున్నే సాల్ట్‌హోల్మెన్ వెళ్లే ట్రామ్ ఎక్కి, చివరి స్టాప్‌లో దిగి, ఎదురుగా ఉన్న రేవులో దీవులకు వెళ్లే ఫెర్రీ అందుకోండి. ట్రామ్‌కు తీసిన ‘జోన్ A’ టికెట్టే, దాని గడువు లోపల, ఫెర్రీకీ చెల్లుతుంది. వేరే టికెట్ కొనక్కర్లేదు. స్టిర్సో, బ్రెన్నో, వ్రోంగో దీవుల మీద కార్లు తిరగవు, నడక కూడా తేలికే. ఒక దీవి చాలు, రెండు పెట్టుకుంటే ఫెర్రీల కోసం కాచుకోవడంలోనే పూట గడిచిపోతుంది. దిగగానే రేవులో తిరుగు ఫెర్రీ సమయాలు ఫోటో తీసుకోండి. సాయంత్రానికి హాగా పేటలో చెక్క ఇళ్ల మధ్య నడవండి. స్టేషన్ నుంచి అక్కడికి కాలినడకన ఇరవై నిమిషాలు, ట్రామ్ కూడా ఉంది.

ప్రశ్న: ఇదే దారికి యూరైల్ పాస్ (యూరప్ దేశాల రైళ్లలో తిరగడానికి ఒకే టికెట్) తీసుకోమని ఒకరు, విడి టికెట్లే చవక అని ఇంకొకరు చెబుతున్నారు. ఏది నిజం?

జవాబు: దూరం రైలెక్కే రోజులు లెక్కపెట్టండి. కోపెన్‌హాగన్–గొథెన్‌బర్గ్, గొథెన్‌బర్గ్–ఓస్లో, ఓస్లో–మిర్దాల్ (ఫ్లోమ్ రైలుకు మారే స్టేషన్), చివర్న వోస్–బెర్గెన్ చిన్న ప్రయాణం. తేదీలు ముందే ఖాయమైతే ఇంతమాత్రానికి పాస్ అక్కర్లేదు. స్వీడన్, నార్వే రైళ్లలో ధర విమానం టికెట్ల లాగే డిమాండ్‌ను బట్టి పెరుగుతుంది. చవక టికెట్లు ముందు అయిపోతాయి. చాలా రైళ్లకు సుమారు మూడు నెలల ముందు అమ్మకం మొదలవుతుంది కాబట్టి జూన్ ప్రయాణానికి మార్చిలోనే కొనండి. అతి చవక టికెట్ ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది. మార్చుకునే వీలుండదు, మధ్యలో దిగి తర్వాతి రైలెక్కే వీలూ ఉండదు.

స్టాక్‌హోం, ఉత్తర నార్వేలోని నార్విక్ లాంటి దూరాలు కలుపుకునేవారికి, తేదీలు తేలనివారికి పాస్ గిట్టుబాటు. అందులోనూ నాలుగు విషయాలు చూసుకోవాలి. యూరప్‌లో నివాసం ఉన్నవారు ఇంటర్‌రైల్, మిగతావారు యూరైల్ కొనాలి. ఇక్కడ చూసేది నివాసం, పాస్‌పోర్ట్ కాదు. ఫోన్‌లోని పాస్‌ను మొదటి రైలెక్కే ముందే యాక్టివేట్ చేసి, ఆ రోజు రైలును అందులో చేర్చి, క్యూఆర్ కోడ్ వచ్చేలా చేసుకోవాలి. మూడు రోజులకోసారైనా యాప్‌కు ఇంటర్నెట్ అందకపోతే పాస్ తెరుచుకోదు. స్వీడన్ ఫాస్ట్ రైళ్లకు పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్ విడిగా డబ్బు కట్టి తీసుకోవాలి. ఫ్లోమ్ లైన్ పాస్‌లో కలవదు, తగ్గింపు మాత్రమే ఇస్తారు. మీ అమ్మానాన్నల్లాగా అరవై నిండినవారికి పాస్ ధరలో పది శాతం తగ్గుతుంది.

ప్రశ్న: అక్కడి రైళ్లు నిమిషం కూడా తప్పవంటారు. అయినా ఆలస్యమైతే మాకు ఏమైనా వస్తుందా?

జవాబు: నిమిషం తప్పవన్న మాట నమ్మి ప్లాన్ వేసుకోకండి. ఆలస్యాలు ఉంటాయి, వాటికి కారణాలూ స్పష్టంగానే ఉన్నాయి. గొథెన్‌బర్గ్ నుంచి ఓస్లో దారిలో ట్రోల్‌హెట్టన్ దాటాక, నార్వే సరిహద్దు అవతల హాల్దెన్ దాకా సింగిల్ లైనే. ఎదురు రైలు ఆలస్యమైతే మీ రైలు క్రాసింగ్ దగ్గర ఆగాల్సిందే. ఓరెసుండ్ వంతెన సంగతి వేరు. డెన్మార్క్ లైన్లలో కరెంటు 25 కిలోవోల్టులు, 50 హెర్ట్జ్. స్వీడన్‌లో 15 కిలోవోల్టులు, 16.7 హెర్ట్జ్. రెండింటి మీదా నడిచే రైళ్లే ఆ వంతెన దాటగలవు. అందుకే ఒక రైలు చెడిపోతే పక్కనున్న ఏదో ఒక రైలును తెచ్చి నడిపే వీలుండదు.

వీటన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది వేసవి మరమ్మతులు. మంచు లేని నెలలు కొన్నే కాబట్టి నార్వేలో, స్వీడన్‌లో పట్టాల పనులు జూన్ చివర, జూలైలో పెట్టుకుంటారు. ఆ రోజుల్లో కొంత దూరం రైలు బదులు బస్సు నడుపుతారు. ప్రయాణం గంట, రెండు గంటలు పెరగొచ్చు. పెట్టెలు మీరే దించి బస్సుకెక్కించుకోవాలి. అందుకే హోటల్ బుక్ చేసే ముందు నార్వేకి ఎంటూర్, డెన్మార్క్‌కి రైసెప్లానెన్, స్వీడన్‌కి రెస్‌రోబోట్ యాప్‌లలో మీ తేదీ కొట్టి చూడండి. రైలు గుర్తు ఉండాల్సిన చోట బస్సు గుర్తు కనిపిస్తే తేదీ జరుపుకోండి. వారం ముందు మళ్లీ ఒకసారి చూడండి.

నష్టపరిహారం విషయానికొస్తే, యూరోపియన్ యూనియన్ నియమాల ప్రకారం గమ్యానికి 60 నుంచి 119 నిమిషాలు ఆలస్యంగా చేరితే టికెట్ ధరలో 25 శాతం, 120 నిమిషాలు, ఆపైన అయితే 50 శాతం అడగొచ్చు. గంట దాటేలా ఉందని ముందే తెలిస్తే, ప్రయాణం మానుకుని డబ్బు వెనక్కి తీసుకోవచ్చు, లేదా వేరే దారిన పంపమనవచ్చు. అయితే ఇదంతా ఒక టికెట్‌కు వర్తించే హక్కు. విడివిడిగా కొన్న రెండో టికెట్‌కు మొదటి కంపెనీ బాధ్యత వహించదు. రెంటినీ ఒకే చోట, ఒకే కొనుగోలులో, త్రూ టికెట్‌గా ఇస్తే అలాగే తీసుకోండి. ఆలస్యమైన రోజున ప్లాట్‌ఫాం తెరను సమయంతో సహా ఫోటో తీసి ఉంచండి, క్లెయిమ్ వేసేటప్పుడు పనికొస్తుంది.

ప్రశ్న: ఓస్లో నుంచి బెర్గెన్ వెళ్లేటప్పుడు ఫ్లోమ్ కూడా చూడాలి. ఒకే రోజులో అవుతుందా?

జవాబు: అవుతుంది, కానీ పన్నెండు గంటలు పైన పడుతుంది. ఓస్లో నుంచి మిర్దాల్ దాకా దాదాపు ఐదు గంటలు, ఫ్లోమ్ లైన్ మీద ఒక గంట, ఫ్లోమ్ నుంచి గుడ్‌వాంగెన్‌కు పడవలో రెండు గంటలు, అక్కణ్నుంచి వోస్‌కు బస్సు, వోస్ నుంచి బెర్గెన్‌కు మళ్లీ గంటంపావు రైలు. మధ్యలో కాచుకునే సమయం వీటికి అదనం. అరవై దాటినవాళ్లతో అయితే ఫ్లోమ్‌లో ఒక రాత్రి ఉండండి. సాయంత్రం క్రూజ్ ఓడలు వెళ్లిపోయాక ఊరు ఖాళీ అవుతుంది. మర్నాడు నేరోయ్ ఫియోర్డ్‌లో పడవ ప్రయాణం అలసట లేకుండా చూడొచ్చు. ఈ దారి మొత్తంలో అమ్మానాన్నలకు గుర్తుండిపోయేది ఆ రెండు గంటలే, అందుకే దాన్ని హడావిడిలో పెట్టొద్దంటున్నాం.

టికెట్లలో చాలామంది పొరపడేది ఇక్కడే. ఓస్లో–బెర్గెన్ టికెట్ కొనేసి మిర్దాల్‌లో దిగితే మిగతా సగం వృథా. ఓస్లో–మిర్దాల్, మిర్దాల్–ఫ్లోమ్, పడవ, బస్సు, వోస్–బెర్గెన్ అని ముక్కలుగా కొనండి. ముందుగా పడవ సమయం ఖాయం చేసుకుని, మిగతావి దానికి తగ్గట్టు పెట్టుకోండి. జూన్‌లో ఫ్లోమ్ రైలు టికెట్లు ముందే అయిపోతాయి, అక్కడికి వెళ్లాక కొందామనుకోకండి.

మిర్దాల్ ఊరు కాదు, కొండ మీద ఒక స్టేషన్, అంతే. కారు వచ్చే రోడ్డు కూడా లేదు. ఎత్తు 867 మీటర్లు, జూన్‌లోనూ గాలి కోస్తుంది, జాకెట్లు పెట్టె అడుగున పెట్టకండి. అక్కడి నుంచి ఫ్లోమ్ రైలు 20 కిలోమీటర్లలో దాదాపు సముద్ర మట్టానికి దిగుతుంది. వాలు 5.5 శాతం దాకా ఉంటుంది, సొరంగాలు ఇరవై. ష్యోస్‌ఫోసెన్ జలపాతం దగ్గర కొన్ని నిమిషాలు ఆపుతారు. వేదిక మీద తుంపర పడి తడిగా ఉంటుంది, అమ్మానాన్నలు పట్టున్న బూట్లే వేసుకోవాలి.

ప్రశ్న: మూడు దేశాలు కదా, వీసాలు ఎన్ని? రైల్లో పాస్‌పోర్ట్ చూస్తారా?

జవాబు: మూడూ షెంగెన్‌లోవే (మామూలుగా సరిహద్దు తనిఖీలు లేకుండా ఒకే వీసాతో తిరిగే దేశాల కూటమి), ఒక వీసా చాలు. ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటారో ఆ దేశానికి దరఖాస్తు పెట్టాలి. పైన చెప్పిన లెక్కలో నార్వేలో నాలుగు రాత్రులు, కాబట్టి నార్వేకి. అన్నిచోట్లా సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందు పెట్టాలి. పరిశీలన 45 రోజులు కూడా పట్టొచ్చు కాబట్టి ఆ చివరి గడువు నమ్ముకోకండి. పెద్దవారికి రుసుము 90 యూరోలు, ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి.

షెంగెన్ అయినా సరిహద్దుల్లో తనిఖీలు ఉంటాయి. వంతెన దాటగానే స్వీడన్ వైపు మొదటి స్టేషన్ హిల్లీలో పోలీసులు రైలెక్కి పాస్‌పోర్ట్ అడగొచ్చు. పై అరలో పెట్టిన పెట్టెలో కాకుండా చేతి సంచిలో ఉంచుకోండి.

ప్రశ్న: ఎంత నగదు మార్చుకోవాలి?

జవాబు: దాదాపు అక్కర్లేదు. మూడు దేశాలవీ మూడు వేర్వేరు క్రౌన్లు, ఒకదాని నోటు ఇంకోచోట ఇస్తే తీసుకోరు. స్టేషన్ లాకర్లు, మరుగుదొడ్లు కూడా కార్డుతోనే నడుస్తాయి. అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసిన కార్డులు రెండు, వేర్వేరు బ్యాంకులవి, వేర్వేరు సంచుల్లో పెట్టుకోండి. తాగడానికి కుళాయి నీళ్లు నిక్షేపంగా ఉంటాయి, ఖాళీ సీసా తీసుకెళ్లండి.

ప్రశ్న: డిసెంబర్‌లో వెళ్తే బెర్గెన్ లైన్ మీద ఏమైనా కనిపిస్తుందా?

జవాబు: ఉదయం రైలెక్కితేనే. ఆ నెలలో ఓస్లోలో తొమ్మిది ప్రాంతంలో సూర్యుడు ఉదయిస్తాడు, మూడుంపావు ప్రాంతంలో దిగిపోతాడు. ఓస్లో నుంచి ఫిన్సెకు నాలుగు గంటలు దాటుతుంది. ఎనిమిదిన్నర ప్రాంతంలో బయల్దేరితే మధ్యాహ్నం వెలుతురుండగా అక్కడికి చేరతారు. 1,222 మీటర్ల ఎత్తులో ఉన్న ఆ స్టేషన్ నార్వే రైల్వేలో అన్నిటికన్నా ఎత్తైనది, చుట్టూ మంచు మైదానమే. మధ్యాహ్నం రైలు పట్టుకుంటే కొండల్లోకి వచ్చేసరికి చీకటి, కిటికీలో మీ ముఖమే కనిపిస్తుంది. మంచు తుఫాను రోజుల్లో లైన్ మూసేయొచ్చు. బెర్గెన్‌లో విమానం ఎక్కాల్సి ఉంటే అది రైలు చేరిన రోజు కాకుండా మర్నాటికి పెట్టుకోండి.