పెరట్లో బాక్స్ టర్టిల్‌ని చలికాలం నిద్రపుచ్చడం ఎలా

సెప్టెంబర్ వచ్చిందంటే ఈ ప్రశ్న నాకు తప్పకుండా వస్తుంది. "అన్నా, పక్కింటోళ్లు ఇల్లు మారుతూ వాళ్ల బాక్స్ టర్టిల్‌ని, అదే ఆ చిన్న నేల తాబేలుని, మా పిల్లలకి ఇచ్చేశారు, పెరట్లో ఉంచాం, చలికాలం బయటే వదిలేస్తే గడ్డకట్టి చచ్చిపోదా?" అని. భయం సహజమే, నేల రాయిలా బిగుసుకుపోవడం మనలో చాలామందిమి ఇక్కడికొచ్చాకే చూశాం. కానీ ఈస్టర్న్ బాక్స్ టర్టిల్ ఈ అమెరికా తూర్పు అడవుల్లోదే, నార్త్ కరోలినాకి 1979 నుంచి రాష్ట్ర సరీసృపం కూడా, ఆకుల కింద మట్టిలో దూరి చలికాలమంతా పడుకోవడం దాని రక్తంలోనే ఉంది. మేము వర్జీనియాలో చాలా ఏళ్లుగా రెండింటిని పెరట్లోనే పడుకోబెడుతున్నాం.

అన్నిటికన్నా ముందు ఒక మాట. మీ రాష్ట్రం వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంట్ సైట్‌లో రూల్స్ చూసుకోండి, రాష్ట్రానికో రకంగా ఉంటాయి, కొన్నిచోట్ల పర్మిట్ కావాలి, చాలాచోట్ల అడవిలోంచి తెచ్చుకోవడమే నేరం. రోడ్డు దాటుతుంటే కనిపించినదాన్ని ఇంటికి తేవద్దు, అది ఎటు వెళ్తోందో అటువైపు దాటించి వదిలేయండి చాలు. అలాగే పెంచలేకపోతున్నామని పెంపుడు దాన్ని అడవిలో వదలకండి, తనది కాని చోట దారి వెతుక్కుంటూ తిరిగి తిరిగి చచ్చిపోతుంది.

ఇక నిద్ర సంగతి. అన్ని తాబేళ్లనీ పడుకోనివ్వకూడదు. ముక్కు కారుతున్నా, కళ్లు వాచినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, చేత్తో ఎత్తితే ఖాళీ డిప్పలా తేలిగ్గా అనిపించినా, ఈ మధ్యే మీ చేతికొచ్చి ఎలా ఉందో తెలియకపోయినా, ఆ ఏడాది లోపలే ఉంచండి, సరైన దీపాలతో వెచ్చగా, తిండి పెడుతూ. ఆ ఏడాది పుట్టిన పిల్లలకీ అంతే. సరీసృపాలు చూసే వెట్‌కి, అంటే జంతువుల డాక్టర్‌కి, ఆగస్టులోనే ఒకసారి చూపించండి, అందరు వెట్‌లూ వీటిని చూడరు, వెతకడానికే టైం పడుతుంది. మందకొడిగా ఉన్న జబ్బు తాబేలుకీ, నిద్రకి సిద్ధమవుతున్న తాబేలుకీ తేడా అక్టోబర్‌లో మనకి అస్సలు తెలియదు, అందుకే అంత ముందు అంటున్నా.

తిండి దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు. నాలుగైదు నెలలు ఏమీ తినదు కదా పాపం అని అక్టోబర్‌లో కొసరి కొసరి పెడతారు, అమ్మ మనసు కదా. కానీ ఒళ్లు చల్లబడితే దానికి అరగడమే ఆగిపోతుంది, కడుపులో ఉన్నది పేగుల్లోనే కుళ్లి ప్రాణం మీదకి వస్తుంది. పెట్టాల్సిందంతా వేసవిలో పెట్టండి, వానపాములు, పుట్టగొడుగులు, బెర్రీలు, ఆకులు, కొవ్వు పట్టేది అప్పుడే. రాత్రులు చల్లబడ్డం మొదలై అది తినడం తగ్గించగానే మీరు తిండి పూర్తిగా ఆపేయండి, పగలు ఇంకా కాస్త వెచ్చగా ఉండే రోజులు రెండు మూడు వారాలు దానికి దొరకాలి, ఆ వెచ్చదనంలోనే కడుపు ఖాళీ అవుతుంది. నీళ్లు మాత్రం ఆపకండి. గడ్డం దాకా వచ్చేంత గోరువెచ్చని నీళ్లలో ఒక పావుగంట ఉంచితే తాగుతుంది, ఆ నీళ్లలోనే దొడ్డికి కూడా వెళ్తుంది. పనయ్యాక పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి, తాబేళ్ల దగ్గర సాల్మొనెల్లా అనే జబ్బు క్రిమి ఉంటుంది, 4 అంగుళాల కన్నా చిన్న డిప్ప ఉన్న తాబేళ్లని అమ్మకూడదని 1975లో ఇక్కడ రూల్ పెట్టింది అందుకే.

చోటు విషయంలో నా మొదటి ఏడాది అనుభవం చెప్తాను. గోడ పక్కన గాలి తగలదని అక్కడ గుంత తవ్వాను, ఇంటి కప్పు నీళ్లు దిగే గొట్టం దానికి నాలుగడుగుల దూరంలో ఉందన్నది నాకు తట్టనేలేదు. జనవరిలో రెండ్రోజులు వాన పడ్డాక అనుమానమొచ్చి ఆకుల్లో చెయ్యి పెడితే మోచేతి దాకా చల్లటి బురద. వేళ్లకి డిప్ప అంచు తగిలింది, నెమ్మదిగా పైకి తీశాను, చాలాసేపటికి ఒక వెనక కాలు అరంగుళం లోపలికి లాక్కుంది, అప్పుడు గానీ నాకు ఊపిరి రాలేదు. ఇంకో వారం ఆగుంటే దక్కేది కాదు. అప్పట్నుంచి ఎత్తైన, నీళ్లు నిలవని మూల చూసి రెండడుగులు తవ్వి, ఆ మట్టిలోనే ఎండాకులు కలిపి వదులుగా నింపి, పైన ఇంకో అడుగున్నర ఎండాకులు పోస్తున్నా. మినెసోటా లాంటి చోట్ల నేల ఇంకా లోతుగా గడ్డకడుతుంది, ఆ చలికి ఈ కొలతలు చాలవు. తేమ ఉండాలి, తడి ఉండకూడదు, పిడికెడు మట్టి నొక్కితే ముద్ద కట్టాలి గానీ నీళ్లు కారకూడదు. తాబేలుని మీరు పాతిపెట్టకండి, పైన వదిలితే తనే దూరుతుంది. దూరాక సన్న కన్నాల ఇనప జాలీ చుట్టూ, పైన కూడా బిగించండి, రకూన్లు, ఎలుకలు నిద్రలో ఉన్నదాన్ని కాళ్లు కొరికేస్తాయి.

లోపల 40 నుంచి 50 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉండాలి. వైరు ఉన్న థర్మామీటర్ ఒకటి తాబేలు ఉండే లోతులో పెట్టేస్తే తవ్వకుండానే తెలుస్తుంది. 35కి దిగుతుంటే ఇంకా ఆకులు వేయండి. మనకి తట్టనిది రెండోవైపు, 50 దాటి వారాల తరబడి ఉంటే ఒంట్లో కొవ్వు కరుగుతూ ఉంటుంది, తినడానికేమో ఏమీ ఉండదు. అందుకే చలి వేస్తుందేమోనని గరాజ్‌లోకి తేవడం, ఒకరాత్రి హాల్లో పెట్టి మళ్లీ బయట పెట్టడం, ఇవేవీ చేయకండి. ఫిబ్రవరిలో రెండ్రోజులు ఎండ కాస్తే పైకొచ్చి కూర్చుంటుంది, కంగారుపడి స్ట్రాబెర్రీ పెట్టకండి, నీళ్లు మాత్రం పెట్టండి, చాలాసార్లు సాయంత్రానికి తనే దూరిపోతుంది. రాత్రికి గట్టి మంచు పడబోతున్నా పైనే ఉండిపోతే మాత్రం ఏదో తేడా ఉన్నట్టు, లోపలికి తెచ్చేయండి, ఇక ఆ ఏడాదికి దాని నిద్ర అయిపోయినట్టే, మెల్లగా వెచ్చబరిచి వెట్‌కి చూపించండి.

పడుకునే ముందు వంటింటి కాటా మీద బరువు చూసి రాసిపెట్టుకోండి. మావాటిలో పెద్దది పోయిన అక్టోబర్‌లో 432 గ్రాములు, ఏప్రిల్‌లో లేచినప్పుడు 415. పదో వంతు కన్నా ఎక్కువ తగ్గితే వెట్‌ని అడగాల్సిందే. లేచిన రోజు ముఖం నిండా మట్టి, కళ్లు సగమే తెరుచుకుంటాయి, అప్పుడే తిండి చూపించకండి. గోరువెచ్చని నీళ్లలో పెడితే మెడ పూర్తిగా చాపి ముక్కు ముంచి తాగుతుంది, గొంతు కదులుతూ కనిపిస్తుంది, మధ్యలో ఆగి మళ్లీ తాగుతుంది. రోజూ అలా నీళ్లు, ఎండ. మావి మూడో నాలుగో రోజున వానపాము వెనక పడతాయి.