మధ్యయుగ ఇంగ్లండు రాజులు ఎప్పుడూ యుద్ధాల్లోనే ఉన్నారు కదా, మరి పార్లమెంటు ఎలా బలపడింది?

యుద్ధాలు ఎక్కువైతే రాజు నిరంకుశుడు కావాలి కదా, అక్కడ అలా ఎందుకు జరగలేదని అడిగారు. నేను చరిత్ర చదివినవాణ్ణి కాదు, ఇంగ్లండులో అకౌంట్స్ ఉద్యోగం. అందుకే ఈ కథంతా నాకు డబ్బు వైపు నుంచే కనిపిస్తుంది.

కొన్నేళ్ల క్రితం లింకన్ కోటలో మాగ్నా కార్టా, అంటే సామంతులు రాజుచేత ఒప్పించుకున్న షరతుల పత్రం, చూశాను. 1215 నాటి ప్రతులు నాలుగే మిగిలాయి, అందులో ఇదొకటి. మసక వెలుతురు గదిలో అద్దం వెనక ఒకే ఒక్క తోలు పత్రం, దాని నిండా చీమల బారుల్లా లాటిన్ అక్షరాలు. స్వేచ్ఛ, హక్కులు అని ఏవేవో ఊహించుకుని వెళ్లాను. తర్వాత అనువాదం చదివితే ఎక్కువ భాగం బాకీల గొడవే. వారసుడు రాజుకి ఎంత కట్టాలి, విధవరాలి ఆస్తి ఎవరిది, అప్పు కింద ఏది జప్తు చేయొచ్చు... మా ఆఫీసు ఫైలు తిరగేస్తున్నట్టే ఉంది.

ఆ గొడవ వెనక ఉన్నది యుద్ధం. జాన్ రాజు 1204లో ఫ్రాన్సులోని తన నార్మండీ ప్రాంతం పోగొట్టుకున్నాడు. తిరిగి తెచ్చుకోవాలని పదేళ్లు జనాన్ని పిండాడు. సైన్యంతో రాని సామంతులు బదులుగా కట్టే స్క్యూటేజ్ పన్ను తన పాలనలో పదకొండుసార్లు వేశాడు. 1207లో చరాస్తిలో పదమూడో వంతు తీసుకున్నాడు, దాదాపు 60,000 పౌండ్లు వచ్చింది. 1214 జూలైలో బూవీన్ దగ్గర ఫ్రాన్సు రాజు చేతిలో అతని మిత్రపక్షం చిత్తుగా ఓడింది. మరుసటి జూన్‌కల్లా సామంతులు రన్నీమీడ్ మైదానంలో అతనిచేత మాగ్నా కార్టాకి ఒప్పించుకున్నారు. ఆ యుద్ధం గెలిచి ఉంటే ఈ పత్రం పుట్టేదా అన్నది నాకు అనుమానమే. ఉమ్మడి సలహా లేకుండా స్క్యూటేజ్ వేయకూడదన్న 12వ నిబంధనని 1216లో తీసేశారు గానీ, అడిగి తీసుకోవాలన్న మాట మాత్రం జనం మర్చిపోలేదు.

అయితే యుద్ధం రాజు చేతులు కట్టేసిందని మాత్రమే అనలేం. జాన్‌కి ముందు అదే రాజుల ప్రభుత్వాన్ని పెంచింది కూడా. 1085లో డేన్‌ల రాజు దండెత్తి వస్తాడన్న భయంతో అప్పటి ఇంగ్లండు రాజు విలియం బోలెడంత కిరాయి సైన్యాన్ని దింపి, వాళ్ల తిండి భారం భూస్వాముల మీద వేశాడు. ఆ క్రిస్మస్‌కే, ఎవరికెంత భూమి, ఎన్ని నాగళ్లు, రాసుకు రమ్మని మనుషుల్ని పంపాడు. అదే డూమ్స్‌డే బుక్. తర్వాత గళ్ల గుడ్డ పరిచిన బల్ల మీద లెక్కలు చూసే ఎక్స్‌చెకర్ అనే రాజు ఖజానా కార్యాలయం వచ్చింది. కట్టినదానికి రసీదు ఒక కర్ర: వెయ్యి పౌండ్లకి అరచేతి మందం గంటు, వందకి బొటనవేలంత, ఒక్క పౌండుకి బార్లీ గింజంత. కర్రని నిలువునా చీల్చి చెరో ముక్క ఉంచుకునేవారు. మా నాయనమ్మ పాల లెక్కకి గోడ మీద బొగ్గు గీతలు పెట్టేది, నెలాఖరున పాలవాడితో ఎప్పుడూ తగాదానే. ఈ కర్ర గురించి ఆవిడకి తెలిసుంటే బాగుండేది.

పార్లమెంటు అసలు బలం పుంజుకున్నది ఫ్రాన్సుతో సుదీర్ఘ యుద్ధంలో. 1294లో మొదటి ఎడ్వర్డ్ ఫ్రాన్సులోని తన గాస్కనీ ప్రాంతం కోసం యుద్ధానికి దిగి ఉన్ని బస్తాకి 40 షిల్లింగుల సుంకం వేశాడు. 1297లో పెద్ద సామంతులే మేం రామన్నారు, రాజ్యమంతటి ఉమ్మడి సమ్మతితోనే ఇలాంటి పన్ను అని రాజు రాసివ్వాల్సి వచ్చింది. మూడో ఎడ్వర్డ్ ఇంకా తెలివిగా, ప్రతిసారీ కామన్స్‌ని, అంటే పార్లమెంటులో జిల్లాల, పట్టణాల ప్రతినిధుల్ని, అడిగి, బదులుగా వాళ్ల అర్జీలు విని, జాన్ కలలో కూడా ఊహించనంత డబ్బు రాబట్టాడు. ఫ్రాన్సులో యుద్ధం సొంత నేల మీద జరిగింది, గుమ్మంలో శత్రువు ఉంటే ఎవరూ లెక్కలడగరు. ఇంగ్లండుకి యుద్ధం సముద్రం అవతల, ప్రతి పన్నుకీ కారణం చెప్పాలి. తేడా అక్కడే ఉందని నాకనిపిస్తుంది.

నాకు బాగా నచ్చేది 1376 పార్లమెంటు. యుద్ధం డబ్బు ఏమైందో చెప్పమని కామన్స్ పీటర్ డి లా మేర్‌ని ముందు నిలబెట్టి, లాటిమర్ అనే రాజోద్యోగిని ఇంపీచ్ చేశారు, అంటే పార్లమెంటులోనే నేరారోపణ చేసి విచారణకి నిలబెట్టారు. ఒక రకంగా ఆడిటే. మరుసటి ఏడాది యుద్ధ పన్ను చూసుకోవడానికి ఇద్దరు లండన్ వర్తకుల్ని కోశాధికారులుగా పెట్టారు.

కాకపోతే ఆ కామన్స్ అంతా భూములూ దుకాణాలూ ఉన్నవాళ్లు. 1380లో యుద్ధానికే తలకో షిల్లింగు పన్ను వాళ్లే ఒప్పుకున్నారు, కూలివాడికీ అంతే. 1381 జూన్‌లో తిరుగుబాటు చేసిన జనం లండన్‌లో చొరబడి రాజు ప్రధాన అధికారి, ఛాన్సలర్ సైమన్ సడ్బరీ తల నరికారు, కోశాధికారి తల కూడా. ఛాన్సలర్ పుర్రె ఆయన సొంతూరు సడ్బరీలోని చర్చిలో ఇప్పటికీ ఉంది. అది ఇంకా చూడలేదు, ఈ వేసవిలో వెళ్లాలి.