చేప తోలు, పాము తోలు, నిప్పుకోడి తోలు: చెక్క సామాను మీద అతికించేవారి సందేహాలు

ప్రశ్న: చిన్న బల్ల పైభాగానికి స్టింగ్‌రే (చదునైన ఒళ్లున్న సముద్రపు చేప) తోలు వేస్తున్నాను. కోయబోతే కత్తి మొద్దుబారిపోతోంది. అతికిస్తే మూలలు లేచిపోతున్నాయి. ఏం చేయాలి?

జవాబు: దాని మీద కనిపించే పూసలు ఉత్త నగిషీ కాదు. మన పళ్లలో ఉండే డెంటిన్ లాంటి గట్టి పదార్థం అది. కత్తి దాని ముందు నిలవదు. తోలును తిరగేసి వెనకవైపు గీత గీసుకుని, రేకు కత్తెరతో అన్ని వైపులా రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువగా కత్తిరించండి. ఆ మిగులును చెక్క ముక్కకు చుట్టిన 120 నంబర్ సాండ్ పేపర్‌తో అరగదీయండి. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు తప్పనిసరి.

మూలలు లేవడానికి కారణం తోలు బిరుసు. ముందుగా తడి తెల్ల గుడ్డతో ఒక మూల రుద్ది చూడండి. రంగు అంటకపోతే గోరువెచ్చని నీళ్లలో 20 నిమిషాలు నానబెట్టండి. వేడి నీళ్లు మాత్రం వద్దు, తోలు ముడుచుకుపోతుంది. పైతడి తుడిచి, వెనకవైపు 80 నంబర్ కాగితంతో గరుకు చేసి, చెక్కకూ తోలుకూ వడ్రంగులు వాడే తెల్ల జిగురు పలుచగా రాయండి. పైన ప్లాస్టిక్ కాగితం, దాని మీద సమతలమైన పలక పెట్టి క్లాంపులు బిగించి ఒక రోజు వదిలేయండి.

ఈ తోళ్లు చిన్నవి, అతుకులు తప్పవు. ఒకదాని మీద ఒకటి ఎక్కించకుండా అంచుకు అంచు చేర్చండి. 1920, 30ల్లో పారిస్‌లో జాన్ మిషెల్ ఫ్రాంక్ అనే ఫర్నిచర్ డిజైనర్ ఇదే తోలుతో బల్లలు, అలమరాలు చేయించాడు. అతుకు దాచాలని తంటాలు పడేకంటే దాన్నే డిజైన్‌గా చూపించడం మేలు. మధ్యలో ఎముక లేదా ఇత్తడి పట్టీ దింపితే చాలా బాగుంటుంది. వెన్ను మీద ఉండే పెద్ద ముత్యాల గుంపు ఎక్కడ రావాలో మాత్రం కత్తెర పట్టకముందే తేల్చుకోండి.

ప్రశ్న: పెట్టె మూత 9 మిల్లీమీటర్ల ప్లైవుడ్. తోలు అతికించిన రెండు రోజులకు అంచులు పైకి లేచి దొన్నెలా అయింది. జిగురు చెడ్డదా?

జవాబు: జిగురు తప్పేం లేదు. తడి తగలగానే తోలు సాగింది, ఆరుతూ కుంచించుకుంది, దాంతోపాటు చెక్క పైముఖాన్నీ లాగింది. కింది ముఖాన్ని లాగేదేమీ లేదు కాబట్టి మూత వంగింది. అదే జిగురుతో కింది ముఖానికి కూడా పలుచని తోలో, దళసరి కాగితమో అతికించాలి. రెండూ ఒకే రోజు, ఒకే తడితో చేస్తే లాగుడు సమానమవుతుంది. ఇప్పటికే వంగిన మూతకు కింద కాగితం వేసి, తడి ఆరకముందే రెండు పలకల మధ్య బిగించి మూడు రోజులు ఉంచండి. చాలావరకు సర్దుకుంటుంది, పూర్తిగా అని హామీ ఇవ్వలేం. ఇకపై 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ గానీ ఎమ్.డి.ఎఫ్. (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసిన పలక) గానీ తీసుకోండి. నేరుగా దుంగ నుంచి కోసిన చెక్కను మానేయండి, అది వాతావరణాన్ని బట్టి అడ్డంగా ఉబ్బుతూ కుంచించుకుంటూ ఉంటుంది. అంచులను కూడా కొంచెం గుండ్రం చేయండి, పదునైన అంచు మీద మడిచిన తోలు అక్కడే పగులుతుంది.

ప్రశ్న: కొండచిలువ తోలు సొరుగుల ముందు వేస్తే పొలుసులు లేస్తున్నాయి. మచ్చలూ వచ్చాయి.

జవాబు: పొలుసు తల నుంచి తోకవైపు వాలి ఉంటుంది. తలవైపు పైకి, తోకవైపు కిందికి వచ్చేలా వేస్తే పైనుంచి కిందికి తుడిచేటప్పుడు గుడ్డ తగులుకోదు. మచ్చలు బహుశా రబ్బరు జిగురులోని ద్రావకం పలుచని తోలులోంచి పైకి ఊరడం వల్ల వచ్చి ఉంటాయి. ముందు తోలు వెనక పలుచని నూలు గుడ్డ అతికించి ఆరనివ్వండి, తర్వాత తెల్ల జిగురుతో చెక్కకు వేయండి. ఇంత పలుచని తోలు కింద ఇసుక రేణువున్నా పైకి కనబడుతుంది. చెక్కకు పుట్టీ పెట్టి 180 నంబర్‌తో నున్నగా చేసి, దుమ్ము పూర్తిగా తుడిచాకే జిగురు డబ్బా తెరవండి. పైన దళసరిగా వార్నిష్ వేయకండి, పొలుసుల సందుల్లో పగుళ్లిస్తుంది.

ప్రశ్న: నిప్పుకోడి తోలు మీది బుడిపెలు అణిగిపోయాయి.

జవాబు: గట్టి పలకతో నొక్కి ఉంటారు. మధ్యలో మెత్తని ఫోమ్ వేసి, తక్కువ బరువు పెట్టాలి. అణిగినవి మళ్లీ పూర్తిగా లేవవు.

ప్రశ్న: మొసలి తోలు కొనేముందు ఏం చూడాలి?

జవాబు: కాగితాలు. మొసళ్లు, కొండచిలువలు సైటిస్ ఒప్పందం (అంతరించే ముప్పున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసేది) పరిధిలోకి వస్తాయి. అది 1975 నుంచి అమల్లో ఉంది. తోలుకే కాదు, దానితో చేసిన సామాను సరిహద్దు దాటినా అనుమతి పత్రం కావాలి. మీ దేశపు చట్టం ఇంకా కఠినంగా ఉండొచ్చు. అమ్మేవాడు పత్రం నకలు చూపలేకపోతే ఎంత చవకైనా వదిలేయండి. ధర సాధారణంగా పొట్ట దగ్గర వెడల్పును సెంటీమీటర్లలో కొలిచి చెబుతారు, అందుకే మీ పలక వెడల్పు ముందే కొలుచుకుని వెళ్లండి. పొలుసు మందంగా, సందు పలుచగా ఉంటుంది కాబట్టి మడత సందుల్లో పడేలా తోలును జరుపుకోండి.

ప్రశ్న: మేకుల చుట్టూ నల్లమచ్చలు ఎందుకు?

జవాబు: చెట్టు బెరడుతో పదును చేసిన తోలులో టానిన్ ఉంటుంది. తడి తగిలితే అది ఇనుముతో కలిసి నల్లబడుతుంది. ఇత్తడి మేకులు వాడండి. ఇత్తడి పూత వేసిన ఇనుప మేకులు కాదు, పూత గీరుకుపోయిన చోట కథ మళ్లీ మొదలు.