పెన్‌డ్రైవ్ లేకుండా అన్‌రెయిడ్ బూట్ అవుతుందా?

ప్రశ్న: పాత డెస్క్‌టాప్‌లో ప్రాక్స్‌మాక్స్ (ఒకే కంప్యూటర్‌లో పలు వర్చువల్ మిషన్లు నడిపే సాఫ్ట్‌వేర్) వేసి, అందులో అన్‌రెయిడ్‌ను (పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయ్యే స్టోరేజ్ సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్) వర్చువల్ మిషన్‌గా పెట్టాను. పెన్‌డ్రైవ్‌ను ఆ మిషన్‌కి కలిపినా బూటబుల్ డివైస్ లేదంటోంది. పెన్‌డ్రైవ్ తీసేసి వర్చువల్ డిస్క్ నుంచి నడపవచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: బూట్ వర్చువల్ డిస్క్ నుంచి చేయవచ్చండీ. పెన్‌డ్రైవ్ మాత్రం తీయకండి. మీ లైసెన్స్ దాని జీయూఐడీ నంబరుకే (ఆ పెన్‌డ్రైవ్‌ను గుర్తించే ప్రత్యేక సంఖ్య) ముడిపడి ఉంది, సెట్టింగులూ అందులోనే ఉన్నాయి.

వర్చువల్ డిస్క్ జోలికి వెళ్లేముందు పెన్‌డ్రైవ్ నుంచే నేరుగా బూట్ చేయడానికి చూడండి. నేనైతే అదే వాడతాను, ఎవరడిగినా అదే చెబుతాను. ప్రాక్స్‌మాక్స్‌లో ఆ మిషన్ బయోస్‌ను ఓవీఎంఎఫ్‌కి (యూఈఎఫ్ఐ అనే కొత్త తరహా బూట్ పద్ధతి) మార్చండి. ఈఎఫ్ఐ డిస్క్ జోడించేటప్పుడు ప్రీ-ఎన్‌రోల్ కీస్ టిక్ తీసేయండి, లేకపోతే సెక్యూర్ బూట్ (గుర్తింపు సంతకం లేని సిస్టమ్‌లను ఆపే రక్షణ) అడ్డుపడుతుంది. పెన్‌డ్రైవ్‌లో ఈఎఫ్ఐ ఫోల్డర్ పేరు చివర చిన్న గీత (EFI-) ఉంటే తీసేయాలి. అది ఉన్నంతకాలం యూఈఎఫ్ఐ బూట్ జరగదు. తర్వాత ఆప్షన్స్‌లోని బూట్ ఆర్డర్‌లో యూఎస్‌బీకి టిక్ పెట్టి పైకి జరపండి. చాలామందికి ఇక్కడితో పని అయిపోతుంది.

అప్పటికీ కాకపోతేనే వర్చువల్ డిస్క్. 2 జీబీ డిస్క్ చేసి, ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, పెన్‌డ్రైవ్‌లోని ఫైళ్లన్నీ అందులోకి కాపీ చేయండి. లేబుల్ మాత్రం UNRAID అని పెట్టొద్దు, ఆ పేరు పెన్‌డ్రైవ్‌కే ఉండాలి. కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) ఈ డిస్క్ నుంచి ర్యామ్‌లోకి ఎక్కాక, ఆ లేబుల్ ఉన్న డ్రైవ్‌ను వెతికి బూట్ ఫోల్డర్‌గా మౌంట్ చేసుకుంటుంది.

ఈ పద్ధతిలో నాకు టెన్షన్ అంతా అప్‌డేట్ల దగ్గరే. కొత్త వెర్షన్ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి వెళ్తాయి, వర్చువల్ డిస్క్‌లో పాత కెర్నలే మిగులుతుంది. రెండూ కలవకపోతే డ్రైవర్లు దొరక్క నెట్‌వర్క్ రాకపోవచ్చు. అందుకే అప్‌డేట్ అయిన వెంటనే, రీబూట్ చేయకముందే, bz తో మొదలయ్యే ఫైళ్లన్నీ డిస్క్‌లోకి మళ్లీ కాపీ చేయాలి.

యూఎస్‌బీ నుంచి బూట్ చేయించే ప్లాప్ బూట్ మేనేజర్ ఐఎస్ఓ (డిస్క్ ఇమేజ్ ఫైల్) కూడా ఉంది. ఒకప్పుడు ప్రాక్స్‌మాక్స్ లాంటిదే అయిన ఈఎస్ఎక్స్ఐ వాడేవాళ్లకు బాగా పనికొచ్చింది. బూట్ చాలా నెమ్మది, మీకు అవసరం లేదు.

ఏ దారిలో వెళ్లినా, మొదలుపెట్టే ముందు అన్‌రెయిడ్ మెయిన్ పేజీలో ఫ్లాష్ (అంటే పెన్‌డ్రైవ్) మీద నొక్కి ఫ్లాష్ బ్యాకప్ తీసుకోండి. ఆ జిప్ ఫైల్‌ను అన్‌రెయిడ్‌లో కాకుండా వేరే కంప్యూటర్‌లో దాచండి.